వెళ్ళిపోయినాయన వాటా

ఆసుపత్రి, చెవి పరీక్షల గది
జూన్ మొదట్లో

వదినకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటా అని నవ్వుకుంటావు. ఫోన్‌లో నిన్ను ఒక మాట అడిగితే పక్కనుంచి అన్నయ్య అందుకుని మూడు మాటలు చెబుతాడు. ఈ సంగతి నిన్నొక్కదాన్నే అడగాలి. కంపెనీల కాగితాలు రాసే లాయరు ఇంట్లోనే ఉండగా బయటివాళ్ళ చుట్టూ తిరగడం ఎందుకు?

నాకో ఉద్యోగం వచ్చింది. నేను వెతకలేదు, అదే వెతుక్కుంటూ వచ్చింది. పోయిన వారం ఇద్దరు మనుషులు నా గదికి వచ్చి, బఠాణీ గింజంత చెవి మిషన్ ఒకటి బల్లమీద పెట్టారు. చిన్నపిల్లల కోసం చేస్తున్నారట. ఇప్పుడు దొరికే వాటిలో నాలుగో వంతు ధరకి ఇవ్వగలమని చెప్పారు. ఇద్దరిలో ఒకావిడ ఆపకుండా మాట్లాడుతుంది, రెండో ఆయన అస్సలు మాట్లాడడు. అందుకని ఆవిడకి గలగల అనీ, ఆయనకి మౌని అనీ పేర్లు పెట్టేసుకున్నాను. మిషన్‌ని నా దగ్గరకొచ్చే ఒక చిన్నపిల్లకి పెట్టి చూశాను. శబ్దం శుభ్రంగా ఉంది. కానీ పిల్ల నవ్వితే చాలు, కీచుమంటోంది. నవ్వినప్పుడు దవడ కదులుతుంది కదా, చెవిలో అచ్చు కాస్త జరిగి సందు పడుతుంది. ఆ మాట చెప్పాక మౌని మొదటిసారి నోరు విప్పాడు. "ఆ కీచు ఆపడానికే మీరు కావాలి" అన్నాడు.

వాళ్ళ ఆఫీసు చూసొచ్చాను. కింద ప్రింటింగ్ ప్రెస్సు, పైన వీళ్ళ రెండు గదులు. కింద మిషన్లు తిరుగుతుంటే పైన కప్పులో టీ కూడా వణుకుతుంది. అందుకే శబ్దం కొలిచే పనంతా ప్రెస్సు వాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడే చేస్తారు. జీతం ఇప్పటి దానిలో సగం ఇస్తారట. మిగతా సగానికి బదులు ఆప్షన్లు. గలగల బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, అందులో గోరు కత్తిరిస్తే పడేంత సన్నటి ముక్కకి రంగు వేసి, "ఇది మీది" అంది. నేను తల ఊపాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఇంతకీ ఆప్షన్ అంటే షేరేనా? నాది అన్నాక మానేస్తే పట్టుకెళ్ళవచ్చా? దాని విలువ ఎవరు చెబుతారు? చేరమంటావా వద్దా అని నేను అడగడం లేదు వదినా, అది నేను తేల్చుకుంటాను. దేంట్లో చేరుతున్నానో తెలిస్తే చాలు.

అన్నట్టు, మౌని మెట్లు దిగేటప్పుడు, అన్నయ్య తనకి పాత స్నేహమనీ, నా పేరు ఎప్పుడో అన్నయ్యే చెప్పాడనీ అన్నాడు. నాకెప్పుడూ చెప్పలేదే? అడిగి చూడు.

నీ మరదలు


మా వంటింటి బల్ల
జూన్ మధ్యలో

మరదలు పిల్లకి,

ఉత్తరం బాగుంది. మా పిల్లది ఇప్పుడు ఫోన్ కనిపిస్తే లాక్కుని నోట్లో పెట్టుకుంటోంది కాబట్టి నాకూ ఇదే సుఖం.

ముందు నీ గుండ్రం సంగతి. బోర్డు మీద ముక్కకి రంగు వేస్తే అది నీదైపోదు. ఆప్షన్ షేరు కాదు, షేరు కొనుక్కునే హక్కు. ఈరోజు ఒక ధర రాసిస్తారు. రేపు కంపెనీ ఎంత పెరిగినా ఆ పాత ధరకే నువ్వు కొనుక్కోవచ్చు. పెరగకపోతే కొనకుండా ఊరుకుంటావు. ఊరుకుంటే పోయేది ఆ హక్కు, దానితోపాటు నువ్వు వదులుకున్న సగం జీతం. ఈ రెండో సంగతి ఎవరూ బోర్డు మీద గియ్యరు.

ఆ హక్కు కూడా ఒక్కసారిగా చేతికి రాదు. మామూలుగా నాలుగేళ్ళ మీద వస్తుంది. మొదటి ఏడాది నిండేలోపు మానేస్తే సున్నా. ఏడాది నిండిన రోజున పావు వంతు, ఆ తరువాత నెలనెలా కొంచెం కొంచెం. దీన్నే వెస్టింగ్ అంటారు. మా ఆఫీసులో దీన్ని అర్థం చేసుకోకుండా సంతకాలు పెట్టి, తరువాత మా గుమ్మంలో కళ్ళు తుడుచుకున్నవాళ్ళని చూశాను. మంచి చదువులు చదివినవాళ్ళే.

వెళ్ళి కొన్ని అడుగు. నీకు ఇస్తామన్నది మొత్తం ఎన్నింటిలో ఎన్ని? ఊరికే 'వెయ్యి ఆప్షన్లు' అంటే మొత్తం ఎన్నో తెలియకుండా అది గాలిమాట. మానేశాక కొనుక్కోవడానికి ఎంత గడువు ఇస్తారు? చాలామంది మూడు నెలలే ఇస్తారు, ఆ మూడు నెలల్లో అంత డబ్బు తేలేక ఏళ్ళ కష్టం వదిలేసుకుంటారు జనం. చేతిలో ఉన్న డబ్బుతో ఎన్నాళ్ళు నడుస్తుంది? చివరిది ముఖ్యం, మర్చిపోకు. షేర్లు ఎవరెవరి చేతిలో ఉన్నాయి, అందులో ఇప్పుడు పని చెయ్యనివాళ్ళు ఉన్నారా? అడిగితే చిరాకు పడే చోట చేరకు. నవ్వుతూ చెప్పే చోట కూడా అర్థమయ్యేదాకా వదలకు.

మీ అన్నయ్యని అడిగాను. పెళ్ళికి ముందు పనిచేసిన చిన్న కంపెనీ రోజుల్లో ఎక్కడో పరిచయమట. ఆ కంపెనీ మూతపడిందని నీకూ తెలుసుగా. ఇంకేదో అడగబోతే, పిల్లదానికి స్నానం టైమైందని లేచాడు. అది అప్పుడే స్నానం చేసి పౌడరు పూసుకుని కూర్చునుంది.

వదిన


ప్రెస్సు మేడమీద
జూలై

వదినకి,

నీ ప్రశ్నలన్నీ అడిగేశాను. చేరిపోయాను కూడా. ఈ ఉత్తరం కొత్త బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తప్పు కింద ప్రెస్సుది.

చిరాకు పడలేదు. పైగా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఉద్యోగంలో చేరడానికొచ్చిన మనిషి ఇవన్నీ అడుగుతుందని వాళ్ళు అనుకోలేదు. నావి మొత్తంలో నూటికి ఒకటిన్నర. చేతిలో డబ్బు వచ్చే వేసవి దాకా వస్తుందట, అదీ గలగల వాళ్ళ బాబాయి ఇచ్చిన అప్పు. అప్పంటే మామూలు అప్పు కాదు. తరువాత పెద్ద పెట్టుబడి వచ్చినప్పుడు ఆ డబ్బు షేర్లుగా మారిపోతుందట. అప్పు షేరుగా మారడం ఏమిటని అడిగి అడిగి గలగలని అలసిపోయేలా చేశాను. ఆవిడని అలసిపోయేలా చేసింది నేనొక్కదాన్నేనని మౌని అన్నాడు. మానేశాక గడువు మూడు నెలలని కాగితంలో ఉంది. అది సరిపోదన్నాను. ఎందుకని అడిగారు. నువ్వు రాసిందే చెప్పాను. మర్నాడు అయిదేళ్ళని మార్చి తెచ్చారు. మార్చడం ఇంత సులువైతే ముందే ఎందుకు రాయలేదని అడిగితే, ఇంకెవరో వాడిన కాగితాన్నే వాళ్ళూ వాడారట, ఆ వాక్యం ఎప్పుడూ చదవలేదట.

నీ ఆఖరి ప్రశ్న దగ్గర మాత్రం గది చల్లబడింది. మొదట్లో వీళ్ళు ఇద్దరు కాదు, ముగ్గురు. అప్పుడు ఇంకో ఊళ్ళో, ఇంకో పేరుతో ఉండేదట. ముగ్గురూ సమానంగా నూటికి ముప్పై చొప్పున రాసుకుని, మిగిలిన పది మాలాంటి వాళ్ళ కోసం పక్కన పెట్టారు. వెస్టింగ్ అనేది అప్పుడు వాళ్ళకి తెలియనే తెలియదు. ఏడాది దాటిన నెలకే మూడో ఆయన వెళ్ళిపోయాడు. ఆ ముప్పై ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

ఎవరాయన అని అడిగాను. గలగల చెప్పబోయింది. మౌని చెయ్యి అడ్డం పెట్టి, "అది ఆయనే చెప్పుకోవాలి" అన్నాడు. నేను ఎలాగూ వదలను.

కీచు విషయం చెబుతాను విను. అచ్చు పోసే పేస్టు పిల్లల చెవిలో పెట్టి, గట్టిపడేదాకా ఇన్నాళ్ళూ కదలకుండా కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు గట్టిపడేలోపు బిస్కెట్టు ఇచ్చి నమిలిస్తున్నాను. దవడ కదిలే చోటు కూడా అచ్చులోకి వస్తోంది. సగం కీచు పోయింది. మిగతా సగం మిషన్ లోపలిదే అంటాడు మౌని.

మరదలు


మా ఆఫీసు, ఎవరూ లేని మీటింగు గది
ఆగస్టు

పిల్లా,

గొప్పదానివే. నా దగ్గర డబ్బులిచ్చి సలహా తీసుకునేవాళ్ళు కూడా ఆ గడువు మార్పించుకోలేరు.

కానీ ఆ మూడో మనిషి సంగతి చదివి నా ఒళ్ళు మండింది. ఏడాది పనిచేసి వెళ్ళిపోయి, నూటికి ముప్పై పట్టుకుని కూర్చుంటాడా? మిగతా ఇద్దరూ వణికే గదుల్లో కూర్చుని చాకిరీ చేస్తుంటే? రేపు కంపెనీ పెరిగితే వాళ్ళతో సమానంగా ఆయనా పంచుకుంటాడు. దానికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, అసలు పెరగనివ్వదు ఆ వాటా. డబ్బు పెట్టడానికి వచ్చే ఎవరైనా ముందు అడిగేది అదే. "నా డబ్బుతో పెరిగే దానిలో మూడో వంతు పని చెయ్యని మనిషికి పోతుందా?" అని లేచి వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోయిన వాళ్ళని చూశాను. ఆ మనిషికి కొంచెమైనా సిగ్గుంటే తనంతట తనే వచ్చి తిరిగిచ్చెయ్యాలి.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర మీ అన్నయ్యకి కూడా చెప్పాను, ఇదే కోపంతో. కూర బాగా లేదన్నట్టు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. వండింది తనే.

ఎవరో తెలిస్తే రాయి. ఇలాంటి మనుషులు ఎలా ఉంటారో చూడాలని ఉంది.

వదిన


ప్రెస్సు మేడమీద
సెప్టెంబరు

వదినకి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. పని ఎక్కువగా ఉంది.

డబ్బు పెట్టడానికి ఒకావిడ వచ్చింది. పెద్ద వయసు, తెల్ల జుట్టు, చెప్పులు విప్పి కూర్చుని మాట్లాడే రకం. వచ్చీరాగానే మిషన్ తన చెవిలోనే పెట్టించుకుని, కిందకి దిగి ప్రెస్సు మధ్యలో నిలబడింది. పైకొచ్చి, ఇంత చప్పుడులోనూ పక్కవాడి మాట వినపడిందంది. అందరం పొంగిపోయాం. నూటికి ఇరవై తీసుకుని, రెండేళ్ళకి సరిపడా డబ్బు ఇస్తానంది. తరువాత నువ్వన్నట్టే అడిగింది. ఆ ముప్పై ఏమిటి అని. అది తేలాకే సంతకమంది.

నాకు రెండు సందేహాలు. ఆవిడ ఇరవై తీసుకుంటే నా ఒకటిన్నర ఏమవుతుంది? ఆ ఇరవై ఎవరి దాంట్లోంచి వెళుతుంది?

రెండోది ఊరికే అడుగుతున్నాను. వెళ్ళిపోయినాయన చెడ్డవాడు కాకపోతే? కాగితం మీద తన పేరుందన్న సంగతి పట్టించుకోకుండా, లేదా పట్టించుకోవడానికి మొహమాటపడి ఉండిపోతే? అప్పుడు కూడా అదే కోపం వస్తుందా నీకు? ఊరికే అడిగానులే.

కీచు గురించి రాయడానికి కొత్తగా ఏమీ లేదు. పిల్లదానికి ముద్దులు.

మరదలు


మా వంటింటి బల్ల
సెప్టెంబరు చివర

మరదలు పిల్లకి,

ముందు జవాబులు. ఆవిడ కోసం కొత్త షేర్లు పుట్టిస్తారు. ఎవరి చేతిలోంచీ లాక్కోరు. మొత్తం పెరుగుతుంది కాబట్టి అందరి వాటా సమానంగా పలచబడుతుంది. నీ ఒకటిన్నర ఒకటీ పాయింట్ రెండు అవుతుంది, ఆ బాబాయి అప్పు షేర్లుగా మారితే ఇంకో పిసరు తగ్గుతుంది. తగ్గిందని బెంగ పడకు. రేపు మూతపడే దానిలో ఒకటిన్నర కంటే, రెండేళ్ళు బతికే దానిలో ఇది మేలు. ఒకటి మాత్రం కనుక్కో. కంపెనీ అమ్ముడుపోతే ఆవిడ తన డబ్బు ముందు వెనక్కి తీసుకుంటుందా, ఎంత తీసుకుంటుంది? పెట్టినంతే అయితే న్యాయం. పెట్టినదానికి రెండింతలు, మూడింతలు ముందు తీసుకుని ఆ తరువాతే మిగతావాళ్ళకి అంటే, తక్కువ ధరకి అమ్ముడుపోయిన రోజున నీలాంటి వాళ్ళకి మిగిలేది చప్పట్లే.

ఇక నీ సందేహం. ఇన్నాళ్ళూ ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించిన మనిషివి, ఎవరో తేల్చేదాకా వదలనన్న మనిషివి, 'ఊరికే అడుగుతున్నాను' అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశావు. కీచు గురించి రాయడానికి ఏమీ లేదన్నావు. నా చెవిలో పువ్వు పెట్టకు. నీకు ఆ మనిషెవరో తెలిసింది. నేను బాధపడతానని దాస్తున్నావు. ఎవరి పేరు వింటే నేను బాధపడతానో, అలాంటివాళ్ళు ఈ లోకంలో ఎక్కువమంది లేరు.

నువ్వు రాసేదాకా మీ అన్నయ్యని నేనేమీ అడగను.

వదిన


ప్రెస్సు మేడమీద
అక్టోబరు

వదినా,

అన్నయ్యే.

మౌని చెప్పలేదు, నేనే కనిపెట్టాను. మిగతా సగం కీచు కోసం పాత మిషన్లు విప్పి చూస్తున్నాం. అన్నిటికంటే పాతదాని లోపల తీగలు అతికిన తీరు చూసి ఆగిపోయాను. మా చిన్నప్పుడు ఇంట్లో పాడైన రేడియో, కాలింగ్ బెల్లు, టార్చి ఏదైనా అన్నయ్యే బాగుచేసేవాడు. అతికిన ప్రతిచోటా తీగని ఒక చుట్టు అదనంగా చుట్టేవాడు, అమ్మ వృథా అని తిట్టేది. ఆ చుట్టు అక్కడుంది. మౌనికి చూపించాను. "మీకు తెలుసనుకున్నాను. తెలియదని మొదటి రోజే అర్థమైంది. ఆయన చెప్పాల్సింది నేను చెప్పడం బాగోదని ఊరుకున్నాను" అన్నాడు.

ఆ మొదటి మిషన్ మొత్తం అన్నయ్య చేతిపనేనట. ఏడాదిపాటు ఒకే గదిలో ఉన్నారట అన్నయ్యా, మౌనీ. గలగల జీతం వచ్చే ఉద్యోగం చేస్తూ అద్దె కట్టేదట. నీతో పెళ్ళి కుదిరాక ఒకరోజు అన్నయ్య వచ్చి, ఇక రానని చెప్పి, పనిముట్లు తుడిచి వరసగా పెట్టి వెళ్ళాడట. మూతపడిందని మనకెందుకు చెప్పాడో వాళ్ళకీ తెలియదు. వాళ్ళు ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వాటా తిరిగిమ్మని అడగలేదు. అడిగితే అన్నయ్య ఇచ్చేసేవాడని మౌనికి తెలుసు. అందుకే అడగలేదట. నాకది అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే, "ఇచ్చేస్తే ఇక తిరిగి రాడు కదా" అన్నాడు.

ఇప్పుడు నువ్వు లాయరువి, ఆయన భార్యవి, నా వదినవి. ఎవరికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు. నేను ఏమీ అడగడం లేదు. కానీ ఆవిడ ఈ ఏడాది చివరిదాకానే ఆగుతానంది. ఆవిడ వెళ్ళిపోతే వేసవికి ఈ గదులు ఖాళీ అవుతాయి. మొన్న బడిలో పన్నెండుమంది పిల్లలకి మిషన్లు పెట్టి వచ్చాను, ఒక పిల్లవాడు తన చెప్పుల చప్పుడు తనే వింటూ వరండాలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. వాడి దగ్గరనుంచి ఆ మిషన్ మళ్ళీ తీసుకురావలసి వస్తుందేమోనని భయంగా ఉంది.

మరదలు


మా వంటింటి బల్ల
అక్టోబరు చివర

మరదలు పిల్లకి,

ఆదివారం పొద్దున పిల్లది నిద్రలో ఉండగా నీ ఉత్తరం మీ అన్నయ్య ముందు పెట్టాను. చదివి మడిచి ఇచ్చాడు. తరువాత, నేను ఆ మనిషికి సిగ్గుండాలి అన్న రోజునే చెబుదామనుకున్నాననీ, ఆ మాట విన్నాక నోరు రాలేదనీ అన్నాడు.

నిజం చెప్పనా, మొదట నాకు కోపం రాలేదు. లెక్క వచ్చింది. ఆవిడ నూటికి ఇరవైకి ఇస్తానన్న డబ్బు చూస్తే, ముప్పై అంటే ఎంతో మనసులో చప్పున వేసేశాను. మేము కొనలేక రెండుసార్లు చూసి వచ్చిన ఇల్లు దానికంటే చవక. ఈ రకం డబ్బు కాగితం మీదే ఉంటుందని, ఎవరూ ఈరోజు దాన్ని చేతిలో పెట్టరని ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని నేను. అయినా ఆ ఇంటి వంటగదిలో అల్మారాలు ఎక్కడ పెట్టించాలో కూడా అనుకున్నాను. నిన్ను తిట్టాను, ఎందుకు చేరావని. ఆ తరువాతే కోపం వచ్చింది, ఆయన మీద.

"మూతపడిందని ఎందుకు చెప్పారు?" అన్నాను.

"అది నడుస్తోందంటే, ఎందుకు మానేశావని అడిగేదానివి."

మా నాన్న పెళ్ళి మాటల్లో జీతం ఎంతని అడిగారు కదా, అందుకే మానేశారా, నా కోసమేనా అని అడిగాను. అవునంటే ఇన్నేళ్ళూ ఆ బరువు నామీద ఉన్నట్టే. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీ నాన్నగారు అడిగింది నాకు కలిసొచ్చింది. అంతకుముందే భయపడ్డాను. అది నడుస్తుందన్న నమ్మకం వాళ్ళిద్దరికీ ఉంది, నాకు పోయింది. నమ్మకం పోయిందని వాళ్ళ ముందు చెప్పలేక పెళ్ళి అని చెప్పాను" అన్నాడు.

ఏం చేద్దామని నన్నడిగాడు. ఈ విషయంలో నేను లాయరుని కాననీ, ఆ డబ్బు నా ఇంటికి వచ్చేది కాబట్టి నా సలహా చెల్లదనీ చెప్పాను. ఇంకో లాయరుని చూసుకోమన్నాను. మీ ఆఫీసుకి తనే వస్తాడు. ఏం ఇస్తాడో, ఎంత ఉంచుకుంటాడో నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో నీకు తెలియదు.

వదిన

ఇదే కాగితం మీద నేనూ రెండు మాటలు రాస్తున్నాను చెల్లీ. కీచు లోపలిదే అయితే మైకు కింద అదురు పీల్చే రబ్బరు పలచగా ఉందేమో చూడండి. అప్పట్లో మందంది దొరకలేదు. వచ్చే శనివారం వస్తాను. స్టేషన్‌కి రావద్దు, మెట్లెక్కి వస్తాను. అన్నయ్య


ప్రెస్సు మేడమీద
నవంబరు

వదినకి,

అన్నయ్య వచ్చి వెళ్ళాడు. ఆయన చెబుతాడో లేదో, చెప్పినా రెండు ముక్కల్లో తేలుస్తాడు, అందుకే రాస్తున్నాను.

వచ్చేసరికి మౌని తలుపు దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. అన్నయ్య నేరుగా బల్ల దగ్గరకెళ్ళి మిషన్ విప్పి, రబ్బరు చూసి, "ఇంకా ఇదేనా" అన్నాడు. మౌని సొరుగు తీసి నాలుగు రకాలు ముందు పెట్టాడు. ఇద్దరూ కూర్చున్నారు. గలగల నా వైపు చూసి, టీ తాగొద్దాం పదమంది. ఆవిడ కిందదాకా ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం చూసి నాకు కంగారు వేసింది.

మేము తిరిగొచ్చాకే వాటా మాట వచ్చింది. అన్నయ్య మొత్తం ఇచ్చేస్తానన్నాడు. మౌని వద్దన్నాడు. మొత్తం ఉంచుకుంటే కంపెనీ ఉండదు, మొత్తం ఇచ్చేస్తే ఆ ఏడాది జరగలేదన్నట్టు అవుతుంది అన్నాడు. అంత పొడుగు వాక్యం ఆయన నోట నేను వినలేదు. ఇద్దరూ ఎటూ తేల్చకుండా కూర్చుంటే నేనే అడిగాను, కొత్తగా చేరిన నాలాంటిదానికి పెట్టిన నాలుగేళ్ళ లెక్కే మొదటినుంచీ అందరికీ ఉండి ఉంటే ఏమయ్యేదని. వేసి చూశారు. ఏడాదీ ఒక నెలకి ముప్పైలో దాదాపు ఎనిమిది అన్నయ్యవి. మిగతా ఇరవై రెండు తరువాత చేరేవాళ్ళ ఆప్షన్ల కోసం పక్కన పెట్టారు. గలగలకీ మౌనికీ కూడా ఇప్పటినుంచి అదే లెక్క, వాళ్ళు రేపు మానేసినా అంతే. తరువాత కాగితాల కోసం వచ్చినప్పుడు తెల్లజుట్టావిడ పట్టుబట్టి అది రాయించింది. నువ్వు కనుక్కోమన్నది కూడా అడిగాను. అమ్ముడుపోతే ఆవిడ పెట్టినంతే ముందు తీసుకుంటుంది, అంతకుమించి కాదు. "ఈ ప్రశ్న మీకెవరు నేర్పారు?" అంది. మా వదిన అన్నాను.

సంతకాలు అయ్యాయి. డబ్బు ఒక్కసారిగా రాదు, సగం ఇప్పుడు, సగం బళ్ళకి అయిదువందల మిషన్లు చేరాక. కాబట్టి ఇంకా గట్టెక్కలేదు. అయినా పని ఉంది.

అన్నయ్య వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి, నీకు ఎంత బాధగా ఉందో తనకి తెలుస్తోందన్నాడు. ఆ ఇల్లు సంగతి నువ్వు చెప్పావట. నువ్వు చెప్పావని గర్వంగా ఉన్నట్టు చెప్పాడు, నాకు వింతగా అనిపించింది.

మరదలు


మా వంటింటి బల్ల
డిసెంబరు

మరదలు పిల్లకి,

బాధ లేదని అబద్ధం చెప్పను. వారంరోజులు ఆ ఇంటి వీధిలోంచి వెళ్ళడం మానేశాను. ఇప్పుడు వెళుతున్నాను. ఎనిమిది తక్కువేమీ కాదు. అది కూడా కాగితం మీదిదే. ఉందని మర్చిపోతేనే మంచిదని నా దగ్గరకొచ్చేవాళ్ళకి చెప్పేదే నాకూ చెప్పుకుంటున్నాను.

నేను రాయాల్సింది వేరే ఉంది. మీ అన్నయ్య అక్కడినుంచి వచ్చిన దగ్గరనుంచి భోజనాల దగ్గర మాట్లాడుతున్నాడు. రబ్బరు గురించి, దవడ గురించి, నువ్వు నమిలించే బిస్కెట్ల గురించి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆఫీసు సంగతి ఒక్కటీ ఇంట్లో మాట్లాడని మనిషి. నిన్న మాటల మధ్యలో ఆగిపోతే, ఏమిటని అడిగాను. తన ఉద్యోగంలో ఏడాది సెలవు తీసుకోవచ్చట, జీతం ఉండదట. అంతటితో ఆపేశాడు. మళ్ళీ భయమా అన్నాను. అవునన్నాడు. ఈసారి దాచకుండా చెప్పాడు కదా అనుకున్నాను.

నేను సంపాదిస్తున్నాను. ఇల్లు నా జీతంతో నడుస్తుంది, ఇరుగ్గానే నడుస్తుంది. నెల నెలా ఎక్కడ తగ్గించాలో, ఆయన వారంవారం రైల్లో ఎలా వచ్చి పోవాలో కూర్చుని చూశాం, ఇద్దరం.

అందుకని నీకు ఒక పని. మీ మౌని దగ్గరకెళ్ళి, తీగలు అతికే మనిషి ఒకరు కావాలా అని అడుగు. పాత స్నేహం, పాత వాటా ఏదీ చూడవద్దను. సగం జీతం, వెనక్కిచ్చిన ఇరవై రెండులోంచి ఎంత ఇస్తారో అంత, అందరితో పాటే మొదటి ఏడాది నిండేదాకా సున్నా. ఆయనే వచ్చి అడగాలి నిజానికి. ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి, నేను ఏం రాస్తున్నానో తెలియనట్టు పిల్లదానికి వీధి చూపిస్తున్నాడు.

త్వరగా రాయి.

వదిన